చెరువుకు వదిలిన జాగా

ఆ మంగళవారం బేబి పదకొండు పునాదులకు ఫొటోలు తీసింది. వాటిలో ఒక్కటీ తనది కాదు.

ఆమె గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటు. ప్రభుత్వ ఇల్లు మంజూరైన వాళ్ల జాగాకు వెళ్లి పునాదికొక ఫొటో, గోడలు లేచాక ఒకటి, స్లాబు పడ్డాక ఒకటి తీయడం, సిగ్నల్ దొరికే మెట్ట ఎక్కి వాటిని పంపడం ఆమె పని. ఆరేళ్లలో అరకు లోయ అంచున ఉన్న కొండ ఊళ్లలో ఆమె స్కూటీ ఎక్కని దారి లేదు. పని మీద ఆమెకు ఫిర్యాదు లేదు, ఇళ్ల మీద ఉంది. కొండవాలైనా చదునైనా అదే కొలత, అదే తలుపు, అదే కిటికీ. ఆ కిటికీ నేలకు మూడడుగుల ఎత్తున ఉంటుంది. ఆ ఇళ్లలో జనం నేల మీద కూర్చుంటారు. కూర్చున్న మనిషికి అందులోంచి ఒక ముక్క ఆకాశం కనిపిస్తుంది, అంతే.

ఫొటో లేనిదే పని జరిగినట్టు కాదన్నది ఉద్యోగం నేర్పిన అలవాటు. ఇంట్లో కూడా ఆమె ఏ పనికైనా ముందొక ఫొటో, తర్వాతొక ఫొటో తీస్తుంది. ఎప్పుడో ఒకరోజు అన్నం వార్చే ముందూ తర్వాతా తీసి ఆఫీసుకు పంపుతుందని భర్త కామేష్ వెక్కిరిస్తుంటాడు.

వాళ్లది కొర్రగుడ. కొండదొర తెగవాళ్ల ఊరు, నలభై మూడు గడపలు. ఊరి వీధిలో రెండు గదుల పాత పెంకుటింట్లో బేబి, కామేష్, వాళ్ల తొమ్మిదేళ్ల కూతురు సోని, కామేష్ తల్లి గంగ ఉంటారు. వర్షాకాలంలో రెండో గది కురుస్తుంది. కొత్త ఇల్లు కట్టుకోవడానికి జాగా ఉంది. కొర్రగెడ్డ చెరువు ఒడ్డున గంగ పేరు మీద ఎకరం మీద ఇరవై సెంట్ల పట్టా. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు. మధ్యలో ఒక ముసలి పనసచెట్టు. కింద చెరువు వైపు నెమ్మదిగా జారే మెత్తని వాలు. అందరూ చెరువంటారు గానీ అది గెడ్డకు, అంటే కొండవాగుకు, అడ్డంగా కట్ట పోసి ప్రభుత్వం కట్టిన రిజర్వాయరు. కట్టి నలభై ఏళ్లయింది. కట్టిన కొత్తలోనే తూము తలుపులు పాడై, నీళ్లు నిలవక, ముప్పై అయిదేళ్లకు పైగా సగం చెరువుగానే మిగిలిపోయింది. కామేష్‌కు ఊహ తెలిసినప్పటినుంచీ అది అంతే. ఆ చలికాలమే ఎట్టకేలకు కొత్త తలుపులు బిగించారు.

బేబి ఆ ఇంటిని మూడేళ్లుగా సోని పాత లెక్కల పుస్తకం గళ్ల కాగితాల మీద గీస్తోంది. నేలను చదును చెయ్యకూడదన్నది ఆమె పెట్టుకున్న మొదటి నియమం. వాలును తవ్వి గోడ కడితే రెండో వానకే మట్టి జారి వెనక గోడ మీద పడుతుంది. అలాంటి గోడలకు ఆమె స్వయంగా ఫొటోలు తీసింది. అందుకే నేల ఎలా దిగితే ఇల్లూ అలా దిగాలి. పై మెట్టు మీద వంటిల్లు, నడిమి మెట్టు మీద గదులు, కింది మెట్టు మీద చెరువు వైపు తెరుచుకున్న పొడవాటి వసారా. మెట్ల కోసం తవ్విన ఎర్రమట్టితోనే, కాస్త సిమెంటు కలిపి, మిషను మీద నొక్కిన ఇటుకలు. అడుగున కొండరాయి. పైన పెంకులు. వాన ఈడ్చి కొట్టే నైరుతి వైపు చూరు బాగా కిందికి దించాలి. పనసచెట్టును ముట్టుకోకూడదు.

సంక్షేమ హాస్టల్లో చదువుకుని, పాలిటెక్నిక్ పూర్తి చేసి, ఒక్కరోజు కూడా ఏ ఇంటికీ తన చేత్తో ప్లాను గీసే అవకాశం రాని మనిషి ఆమె. ఈ ఇల్లు తప్పితే ఇంకో ఇల్లు గీసే సందర్భం రాదని ఆమెకు తెలుసు. రెండిళ్లు కట్టే స్తోమత వాళ్లకు లేదు.

ఆదివారం పొద్దున్న వీధి అరుగు మీద ఆ పుస్తకం తెరిచింది. గంగ చేటలో రాజ్‌మా గింజలు ఏరుతోంది. కామేష్ రైల్వే స్టేషను దగ్గర టూరిస్టు జీపు నడుపుతాడు. బేరం లేక ఇంటి పట్టున ఉన్నాడు. అతను తన ఫోన్లో ఇంకో ఇల్లు చూపించాడు.

“ఇదిగో, ఇలాగుండాల. ముందంతా అద్దాలే. బండెక్కినోలు ముందడిగేది అదే. లేక్ వ్యూ ఉందా అని. ఒక గది ఆలకిచ్చీమంటే సీజన్లో కాలీ ఉండదు.”

“ఆ అద్దాలెవులు తుడుత్తారు?” అంది గంగ గింజల మీంచి తల ఎత్తకుండా.

“నీకన్నీ అలాగే కనబడతాయమ్మా.”

“మరేటి, మసి కనబడదేటి?”

బేబి టేపు తీసింది. “అత్తా, కొత్తింట్లో నువ్వెక్కడ కూర్చుంటావు?”

“గోడకానుకోని కింద కూకుంటాను. ఇంకెక్కడ కూకుంటానే, అటకెక్కుతానా?”

“అలాగే కూర్చో. కదలకు.” బేబి నేల మీంచి అత్త కంటి దాకా కొలిచింది. రెండడుగుల మూడంగుళాలు. పుస్తకంలో రాసుకుంది. “కిటికీ అడుగు ఎత్తున మొదలవ్వాలి. అప్పుడు కూర్చుంటే చెరువు కనబడుతుంది.”

కామేష్ పగలబడి నవ్వాడు. “అడుగెత్తా? అది కిటికీ కాదే, కోల్ల గూడు తలుపు. మేకలొచ్చి లోపల ఏటి కూరొండారో సూసెల్తాయి.”

“మేకలకైనా లేక్ వ్యూ కావాలి గదా,” అంది సోని. గంగ చేట పట్టుకుని నవ్వింది. ఆ పొద్దున్న ఆమె నవ్వడం అదే ఆఖరు.

ఎందుకంటే తర్వాత ఆమె అడిగింది, “ఇంతకీ ఎక్కడ ఏత్తన్నావు పునాది?”

“చెరువు రాయి దగ్గర. రాయికి మూడడుగుల ఎత్తు చూసుకుని.”

చెరువు రాయంటే రిజర్వాయరు కట్టిన రోజుల్లో నిండు నీటి మట్టం గుర్తుగా పాతిన రాళ్లలో ఒకటి. తెల్ల సున్నం వేసిన మూడడుగుల రాయి. నీళ్లు ఎంత నిండినా ఆ రాళ్ల అడుగు దాకానే వస్తాయని లెక్క. కొర్రగుడ వైపు పాతిన మిగతా రాళ్లు ఎప్పుడో పొయ్యి రాళ్లయిపోయాయి. వీళ్ల భూమిలోది ఒక్కటే నిలిచి ఉంది, చెరువుకు బాగా దగ్గరగా. ఆ రాయంటే కామేష్‌కు గర్వం. ఊళ్లో అందరి పొలాలూ చెరువు కింద పోయినా తన తండ్రి గాసి మాత్రం భూమిని నీళ్లకు ఇవ్వకుండా కాపాడుకున్నాడని జీపెక్కిన ప్రతివాళ్లకూ చెబుతాడు. గాసి పోయి పదకొండేళ్లయింది.

గంగ చేట కింద పెట్టింది. “అక్కడా?” అంది. “గింజలెయ్యాల ముందు,” అని లేచి లోపలికి వెళ్లిపోయింది.

గింజలు వెయ్యడం వాళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. ఇల్లు కట్టదలుచుకున్న చోట చేటంత జాగా పేడతో అలికి, విరగని బియ్యపు గింజలు మూడు జతలు పక్కపక్కన పెడతారు. పైన అడ్డాకు డొప్ప బోర్లించి దాని మీద రాయి ఉంచుతారు. మర్నాడు పొద్దున్న తీసి చూస్తారు. జతలు జతలుగా ఉంటే ఆ నేల వాళ్లను ఒప్పుకున్నట్టు. విడిపోయినా, పోయినా ఒప్పుకోనట్టు. మంచిరోజు చూసి చెప్పేది ఊరి దిసారి యర్రయ్య. గింజలు పెట్టేదీ తీసేదీ ఇంటికి పెద్దదైన ఆడమనిషి.

బేబికి దాని మీద నమ్మకం ఉందా అంటే చెప్పడం కష్టం. ఒప్పుకోని నేలలో చెదలో చీమలో ఉంటాయి, గింజలు కదులుతాయి, అందులో కొంత ఇంజినీరింగు ఉందని ఆమె తనకు తాను చెప్పుకుంది. పైగా అత్త ఒప్పుకోని ఇంట్లో అత్త ఉండదు. అత్త లేని ఇల్లు ఆమె గియ్యలేదు.

మొదటిసారి గింజలు విడిపోయాయి. మూడు జతలూ వేలెడు దూరంలో ఉన్నాయి. వారం తర్వాత, అదే ఎత్తున పదడుగులు పక్కకు జరిగి వేశారు. మళ్లీ విడిపోయాయి.

“ఒప్పుకోదంతే,” అంది గంగ. “పైకెల్దాం. పనస సెట్టు దాటి.”

“పైనుంచి సెరువేటి కనబడుద్ది? దుబ్బు కనబడుద్ది,” అన్నాడు కామేష్. “మా నాయిన కాపాడిన జాగా ఒగ్గీసి పైకెక్కాలా? అసలు గింజలకేటి తెల్సు? ఊరిలో ఎవులూ ఏత్తం లేదిప్పుడు. కాలనీ ఇల్లకి ఎవులేసారు?”

“కాలనీ ఇల్లు కురుత్తన్నాయి గదరా.”

“గింజలెయ్యక కాదమ్మా, సిమెంటెయ్యక!”

ఫిబ్రవరి సగమైపోయింది. మే నెలలో వానలు పడేలోపు కనీసం గోడలు లేవకపోతే ఇంకో ఏడాది కురిసే గదిలో ఉండాలి. బేబిని ఇంకో సంగతి తొలుస్తోంది. చీమలైతే గింజలు ఎత్తుకుపోతాయి. వేలెడు దూరంలో, ఆరింటికి ఆరూ అక్కడే వదిలి పోవు.

మూడోసారి వేసిన సాయంత్రం ఆమె అలవాటుగా ఫొటో తీసింది. డొప్ప, దాని మీద రాయి, పక్కన కొలతకు టేపు. మర్నాడు పొద్దున్న ఆమె, కామేష్ వెళ్లేసరికి గంగ అప్పటికే అక్కడుంది. బేబి ఇంకో ఫొటో తీశాక డొప్ప తీశారు. జతలు విడిపోయి ఉన్నాయి. కామేష్ జీపు దగ్గరకు వెళ్లిపోయాడు. బేబి రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూసింది.

“అత్తా, నిన్న రాయికి పాచి ఉన్న వైపు పైకుంది. ఇందాక నువ్వు తీసేముందు కిందికుంది.”

“దొర్లుంటాది.”

“దొర్లితే డొప్ప నలగాలి. నలగలేదు.”

గంగ ఫోను వంక చూసింది, కోడలి వంక చూసింది. “నీ ఫోనుకి కల్లున్నాయేటే?”

“నీకు ఈ ఇల్లు ఇష్టం లేకపోతే లేదని చెప్పు. మూడేళ్లు గీశాను, ఇంకో మూడేళ్లు గీస్తాను. గింజల మీద మాత్రం పెట్టకు.”

గంగ ఆ అలికిన జాగా పక్కనే కూలబడింది. ఆరు గింజలూ ఏరి చీర కొంగులో వేసుకుంది.

“నానే కదిపాను. మూడు సార్లూ నానే. ముందుగాలొచ్చి సూసేదాన్ని. మూడు సార్లూ జతలు జతలుగానే ఉన్నాయి. ఎంత బాగున్నాయో. నా సేత్తో నానే ఇడదీసాను. ఆ పాపం నాదే.”

“ఎందుకు?”

“ఇక్కడ నీలొత్తాయే. ఆ రాయి ఇక్కడిది కాదు.”

అప్పుడు చెప్పింది. చెరువు కట్టే ఏడాది ఇంజినీరు బాబులు వచ్చి రాళ్లు పాతారు. రాయికి కింద ఉన్న పొలమంతా పోతుందన్నారు. గాసి చోడి చేను మొత్తం రాయి కిందే ఉంది. అప్పటికి గంగ కాపరానికొచ్చి ఏడాదే. గాసి మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు సంత. బాబులూ కూలీలూ అందరూ సంతకు పోయారు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ రాయిని తవ్వి తీసి, కర్రకు తాడేసి కట్టుకుని, చేను దాటించి కిందకు మోసుకొచ్చి చెరువు వైపు పాతేశారు. ముప్పై రెండు అంగలు. రాయి కిందకు పోతే నీళ్లు కూడా కిందే ఆగుతాయని గాసి నమ్మాడు. గీత గీసేది ఆ రాయే కదా అనుకున్నాడు.

కాగితాల మీద అలాగే జరిగింది. కొలిచేవాళ్లు వచ్చి రాయిని చూసి గాసి చేను మునగదని రాసుకుపోయారు. మొదటి ఏడే చేను మునిగింది. ఊళ్లో అందరికీ పోయిన పొలానికి పరిహారం వచ్చింది. గాసికి రాలేదు. కాగితం ప్రకారం అతని పొలం నీళ్లలో లేదు. అడగాలంటే రాయి సంగతి చెప్పాలి. ఎలా చెబుతాడు? నాలుగేళ్లు అలాగే మునిగింది. తర్వాత తలుపులు పాడయ్యాయి, నీళ్లు దిగిపోయాయి, చేను మళ్లీ తేలింది. ఆ మాట ఎప్పటికీ బయట పెట్టొద్దని గాసి గంగ చేత ఊరి నిసాని దేవత దగ్గర ఒట్టు వేయించుకున్నాడు.

“కొత్త తలుపులేసినారు గదా. ఈ ఏడు నిండుద్ది. నువ్వేమో సెరువు రాయి సూసి కొలత ఏత్తన్నావు. సెప్పలేను, సెప్పకుండా ఉండలేను. ఆ గుంటడేమో మా నాయిన కాపాడాడు, మా నాయిన కాపాడాడు అని దారినెల్లినోలందరికీ సెప్తాడు. ఆడికేటని సెప్పేది?”

బేబి లేచి చెరువు రాయి దాకా నడిచింది. ఏ రాయి మీద నమ్మకం పెట్టి ఇల్లంతా గీసిందో ఆ రాయి. చేతిలో పుస్తకం, టేపు, ఆరేళ్ల ఉద్యోగం. ఒక్క రాయినే చూసింది, రెండోదానితో పోల్చలేదు. ఎవరి ఇంటికైనా తను అలా రాసుకొస్తే పై అధికారి ఫైలు మొహాన కొట్టేవాడు.

“నువ్వు చెప్పొద్దు,” అంది. “మిషను చెబుతుంది. తర్వాత నువ్వు చెప్పు.”

రోడ్డు వెడల్పు పని చేయిస్తున్న కాంట్రాక్టరు సన్యాసిరావు దగ్గర ఆటో లెవెల్ ఉంది. మూడు కాళ్ల మీద నిలబెట్టి దుర్భిణిలోంచి చూస్తే ఏ చోటు ఎంత ఎత్తో చెప్పే మిషను. శనివారం మధ్యాహ్నం దాన్ని అడిగి తెచ్చింది. చెరువు పాయకు అవతలి గట్టున ఒక చర్చి ఉంది. దాని ప్రహరీ మూలలో ఇంకో చెరువు రాయి ఉంది. గోడే ఆ రాయిని ఆనుకుని కట్టారు కాబట్టి దాన్ని ఎవరూ కదిపే వీలు లేదు. కామేష్‌ను కొలకర్రతో జీపులో అవతలికి పంపింది.

ఫోన్లో అతని గొంతు వినిపించింది. “పట్టుకున్నాను. పాస్టరుగారు ఏటిదని అడుగుతన్నారు. ఏటి సెప్పను?”

“ఇల్లు కడుతున్నామని చెప్పు. కర్ర నిటారుగా పట్టు.”

అంకె రాసుకుంది. అతన్ని ఇవతలికి రప్పించి తమ రాయి అడుగున కర్ర పెట్టించింది. ఇంకో అంకె. మళ్లీ మొదటినుంచి రెండూ కొలిచింది. తేడా మారలేదు. రెండు మీటర్ల మూడు సెంటీమీటర్లు.

“మన రాయి ఆరడుగుల ఎనిమిదంగుళాలు కిందుంది,” అంది. “నేను గీసినట్టు కట్టుంటే వసారాలో మూడున్నర అడుగుల పైన నీళ్లు.”

“మిసను తప్పేమో.”

“మిసను తప్పు కాదురా,” అంది వెనకనుంచి గంగ.

చెప్పింది. ఈసారి తొందరగా, కొడుకు మొహం చూడకుండా చెప్పేసింది. కామేష్ కొలకర్ర పట్టుకునే నిలబడ్డాడు. అంతా విన్నాక, “ఎక్కడిది అసలు జాగా?” అన్నాడు. గంగ రాయి దగ్గర నిలబడి పైకి అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచింది. అరవై రెండేళ్ల కాళ్లకు అంగ చిన్నదైంది, నలభైయ్యో అంగకు పనసచెట్టు కింద ఆగింది. కామేష్ జీపులోంచి గునపం తెచ్చి తవ్వాడు. మూరెడు లోతున గట్టిపడిన సున్నం, ఇటుక ముక్కలు తగిలాయి, రాయి కూర్చోబెట్టిన గుంట చతురస్రంగా. బేబి అక్కడ కర్ర పెట్టించి చూసింది. చర్చి రాయికి అంగుళమున్నర తేడా.

“పదేల్లుగా సెప్తన్నాను,” అన్నాడు కామేష్ గుంటలోకి చూస్తూ. “మా నాయిన కాపాడాడని. బండెక్కినోడికల్లా.”

“కాపాడ్డానికే మోసాడురా. ఇంతా రాయి. బుజం కొట్టుకుపోయి వారం పాటు ఆకు పసరు రాసాను. మోసినోడు మోసాడు. నీలకి తెల్దు గదా.”

కామేష్ గునపం నేలకు గుచ్చాడు. “నువ్వు కూడా మోసావా?” అన్నాడు.

“మరి? ఆ కొసెవులు పట్టుకుంటారు, మీ తాత?”

నవ్వు ఆపుకోలేకపోయాడు. అది పూర్తి నవ్వు కాదు, కానీ దాని తర్వాత అతను అడిగింది ఇంటి గురించే. “అయితే వసారా ఎక్కడికొస్తాది?”

బేబి ఆ రాత్రీ మర్నాడూ కొత్త కాగితాలు గీసింది. విచిత్రమేమిటంటే ఇల్లు దాదాపు మారలేదు. నేలను అనుసరించి దిగే ఇల్లు కాబట్టి మూడు మెట్లనూ అలాగే ఎత్తి వాలు పైకి జరిపితే సరిపోయింది. పనసచెట్టు ఇప్పుడు ఇంటి ముందుకొచ్చింది, వసారాకు నీడ దొరికింది. కింది మెట్టు నేల అసలు గుంటకు నాలుగడుగుల ఎత్తున పెట్టింది. గుంటకూ పాత రాయికీ మధ్య ఉన్న జాగాలో ఏమీ గియ్యలేదు. అక్కడ ‘చెరువు’ అని రాసింది. కొలిస్తే ఇరవై ఎనిమిది సెంట్లు. నీళ్లు దిగే నెలల్లో కూరగాయలు వేసుకోవచ్చు. ప్రభుత్వ జీతం తింటూ రాయి సంగతి తెలిసీ ఊరుకోవడం ఆమెకు కుదరలేదు. రాయి తన చోట లేదని, మళ్లీ కొలిపించమని అత్త వేలిముద్రతో సర్వేకు దరఖాస్తు పెట్టింది. ఆ సెంట్లు పట్టాలోంచి పోతాయని అత్తకు ముందే చెప్పింది. “మీ మామ కాలంలోనే పోయినాయి గదే,” అంది గంగ వేలికి సిరా పూసుకుంటూ.

కొత్త జాగాలో గింజలు వెయ్యడానికి గంగ ఒప్పుకోలేదు. తన చెయ్యి మంచిది కాదంది. యర్రయ్య, అయితే ఇంటికి అందరికన్నా చిన్నదైన ఆడపిల్ల వెయ్యొచ్చన్నాడు. సోని వేసింది. పొద్దున్న అందరూ చుట్టూ నిలబడ్డాక డొప్ప తీసింది. రెండు జతలు చెక్కుచెదరలేదు. మూడో జతలో ఒక గింజ లేదు. ఒక ఎర్రచీమ అటూ ఇటూ తిరుగుతోంది.

అందరూ గంగ వైపు చూశారు. ఆమె వంగి పరీక్షగా చూసింది.

“రెండు జతలున్నాయి, సాలు. సీమకి ఆకలేసుంటాది.”

“మొన్న ఇలా సెప్పలేదేటమ్మా?” అన్నాడు కామేష్.

“మొన్న మద్దిలో నానున్నాను గదరా. బేగి పని మొదలెట్టండి, వాన కాసుకోని కూకుంది.”

యర్రయ్య కూడా తలూపాడు.

పని మార్చి మొదటి వారంలో మొదలైంది. ఇటుకలు నొక్కే మిషను అద్దెకు తెచ్చారు. మెట్లకు తవ్విన మట్టిలో సగం ఇటుకలైంది, మిగతా సగం వసారా కిందకు పోయింది. బయటినుంచి ఒక్క లారీ మట్టి రాలేదు. మేస్త్రీ భీముడు కాలనీ ఇళ్లు అరవై కట్టిన మనిషి. గీసిన కాగితాన్ని మర్యాదగా మడిచి జేబులో పెట్టుకుని చేతికి అలవాటైనట్టు కట్టుకుపోయాడు. ఒక సాయంత్రం బేబి వచ్చేసరికి వసారా గదికి కిటికీ మూడడుగుల ఎత్తున లేచి ఉంది.

“భీముడన్నా, ఇది అడుగు కదా?”

“మేడమ్, మీరు ముందర మూడు రాయడం మర్సిపోనారనుకున్నాను. అడుగెత్తున కిటికీ ఎవులెడతారు?”

బేబి వెంట వచ్చిన గంగ లోపలికి వెళ్లి గోడకు ఆనుకుని కింద కూర్చుంది. “ఆకాసం బాగుంది,” అంది లోపలినుంచి. “రోజంతా ఆకాసం సూసి ఏటి సేసుకోను, పిండారబోసుకోనా?”

భీముడు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. కాసేపు గోడ వంక చూశాడు. మర్నాడు ఆ వరసలన్నీ తనే విప్పాడు. విప్పిన ఇటుకలకు కూలి అడగలేదు. జూన్‌లో తన సొంత ఇంటి కిటికీ కింద కూడా విప్పుతున్నాడని తెలిసి బేబి వెళ్లి ఫొటో తీసింది. ఆ ఫొటో ఆఫీసుకు పంపలేదు.

వానలు వారం ముందే వచ్చాయి. అప్పటికి గోడలు లేచి, వంటింటి మీద పెంకులు పడ్డాయి. జూలై అంతా టార్పాలిన్ల కింద పని నడిచింది. ఆగస్టు చివర వసారాకు కూడా కప్పు పడింది. తలుపులు ఇంకా చేయించాలి. కామేష్ అడిగిన టూరిస్టు గది వసారా చివర వచ్చింది, అద్దం గోడ లేదు, అడుగెత్తు కిటికీ ఉంది. విశాఖ నుంచి వచ్చిన ఒక కుటుంబానికి అతను ఆ గది చూపించి, నేల మీద కూర్చోమన్నాడు. కూర్చున్నారు. అరగంట దాకా లేవలేదు. వాళ్లకు గాసి కథ కూడా చెప్పాడు, ఈసారి రాయి మోసిన దగ్గర్నుంచి.

సెప్టెంబరులో చెరువు రోజూ కొంచెం కొంచెం పెరిగింది. పాత రాయి అడుగు తడిసింది. తర్వాత సున్నం వేసిన తల మాత్రం మిగిలింది. తర్వాత అదీ కనిపించలేదు. గంగ ప్రతి పొద్దున్నా తలుపు లేని గుమ్మం దాటి వచ్చి కిటికీ దగ్గర కూర్చుని చూసేది. అక్టోబరు తొమ్మిదో తారీఖున కట్ట మీద అలుగు పారింది. నీటి అంచు పనసచెట్టు కింద తవ్విన గుంట దాకా వచ్చి ఆగింది. సోని అందులో కాలు పెట్టి చూసింది.

సర్వేయరు ఇంకా రాలేదు. బేబి టేపు తెచ్చింది. ముందొక ఫొటో తీసి, కొలిచి, తర్వాతొక ఫొటో తీసింది. నీటి అంచునుంచి వసారా మెట్టు దాకా నడక పద్దెనిమిది అంగలు. నాలుగడుగులని గీసినచోట ఎత్తు మూడడుగుల పదకొండంగుళాలు.